ఎలుక పన్ను విరిగితే

మొన్న మలక్‌పేటలో మా అక్కవాళ్లింట్లో బోనులో ఎలుక పడింది. రాత్రంతా ఇనప కమ్మీలు కొరికి కొరికి కింది ముందుపన్ను ఒకటి సగానికి విరగ్గొట్టుకుంది. తెల్లారి దాన్ని ఊరవతల వదలడానికి వెళ్తుంటే, అప్పుడే పాలపన్ను ఊడిన మేనకోడలు "మామయ్యా, ఇప్పుడది ఎలా తింటుంది?" అని ఒకటే బాధ.

తింటుంది. వారం పది రోజుల్లో పన్ను మళ్లీ అందుకుంటుంది.

ఎలుక ముందుపన్ను అచ్చం వడ్రంగి ఉలి. గట్టి ఎనామిల్ ముందువైపే ఉంటుంది, పెద్ద ఎలుకకు ఆ నారింజ రంగు అందులో చేరిన ఇనుము వల్లే. వెనకంతా డెంటిన్, అంటే ఎనామిల్ కన్నా మెత్తటి లోపలి పదార్థం. కొరికేకొద్దీ వెనకవైపు ముందుగా అరిగి, ముందు అంచు పదునుగా నిలబడుతుంది. అయితే సానపట్టే ఉలి ఏదైనా పొట్టిదైపోతుంది కదా, ఎలుక ఉలికి మాత్రం వెనక కొలిమి కూడా ఉంది.

ఆ కొలిమి చిగుళ్ల దగ్గర ఉండదు. కింది పన్ను దవడ ఎముకలో దవడపళ్ల కిందుగా వంపు తిరిగి లోపలికి పోతుంది, ఆ చివర మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు, ఉంటాయి. అవి విభజన చెందుతూ ముందుకు కదిలి, ఎమీలోబ్లాస్టులు అనే ఎనామిల్ కణాలుగా మారి ఎనామిల్ పోసి, పని అయ్యాక చనిపోతాయి. అందుకే ఒకే పన్నును వెనక నుంచి ముందుకు చూస్తే కణం పుట్టుక నుంచి చావు దాకా వరసగా కనిపిస్తుంది, నాకు ఇంతకన్నా మంచి పాఠం ఇంకోటి కనబడలేదు! మామూలుగా ఎలుక కింది పన్ను రోజుకి దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది, విరిగి ఎదుటి పన్ను తగలకపోతే ఇంచుమించు రెట్టింపు వేగంతో బయటికొస్తుంది. అటు ఎదురుగా ఉన్న పన్ను అరగక పొడుగై వంకర తిరగొచ్చు, అదే అసలు ప్రమాదం.

మరి కొలిమికే దెబ్బ తగిలితే? 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చుంచెలుకల్లో చూపించారు: ఎనామిల్ కణాలకు నష్టం జరిగితే, పక్కనే వేరే పని చేస్తున్న కణాలు తమ పని మార్చుకుని ఎనామిల్ కణాలైపోతాయి.

మనకు పన్ను బయటికి రాగానే ఎనామిల్ పోసే కణాలు పోతాయి. లోపలి డెంటిన్ కణాలు మాత్రం బతికుండి, పుచ్చు లోతుకు వస్తుంటే లోపల కొత్త గోడ కడతాయి. ఊడిన పాలపన్నును ఎలుక కన్నంలో వేస్తే ఎలుక పళ్లలాంటివి వస్తాయని మా అమ్మమ్మ అనేది. ఆ మాటలో కోరిక సరైనదే, కానీ కొలిమి ఎలుక దవడలోనే ఉంది. సంక్రాంతికి మాంజా కొరుకుతూ నేను చిన్నప్పుడు విరగ్గొట్టుకున్న ముందుపంటి అంచు, మేనకోడలికి చూపించాను, ఇప్పటికీ అలానే ఉంది.