అడిగేది పని గురించి, చూసేది రిపోర్టులు: అమెరికా వైకల్య భృతి వెనుక కథ

అమెరికాలో జబ్బు చేసి ఉద్యోగం మానేసిన వాళ్లు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ సంస్థకు వైకల్య భృతి కోసం దరఖాస్తు పెడితే, మొదటి విడతలో ఎక్కువమందికి వచ్చే జవాబు తిరస్కరణే. ఇక పనికి వెళ్లొద్దని సొంత డాక్టరు రాసిచ్చినా అంతే. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే 1950ల నాటి రాజకీయ బేరం దగ్గరికి వెళ్లాలి.

రూజ్‌వెల్ట్ హయాంలో 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టంలో వృద్ధాప్య పింఛను ఉంది కానీ పని చేయలేకపోయిన ఉద్యోగులకు బీమా లేదు. ఖర్చు చెయ్యిదాటుతుందేమోనని భయం. ఆ భయానికి కారణం కూడా ఉంది. మహా మాంద్యం రోజుల్లో ప్రైవేటు బీమా కంపెనీలు వైకల్య పాలసీలు అమ్మి చేతులు కాల్చుకున్నాయి. ఉద్యోగాలు ఊడుతున్నకొద్దీ క్లెయిములు పెరిగాయి. జబ్బు వల్ల పని మానేశాడా, పని దొరక్క జబ్బును ముందుకు తెస్తున్నాడా అనే అనుమానం అప్పుడు మొదలై ఇప్పటికీ పోలేదు. దీనికి తోడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా గట్టిగా అడ్డుపడింది. వైద్యరంగంలోకి ప్రభుత్వం దొడ్డిదారిన వస్తోందని డాక్టర్ల అభ్యంతరం.

చివరికి 1956లో వైకల్య బీమా సెనేట్‌లో 47-45 ఓట్లతో గట్టెక్కింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అయిష్టంగానే ఆగస్టు 1న సంతకం పెట్టాడు. అప్పుడు కూడా 50 ఏళ్లు నిండినవారికే. ఆ వయసు నిబంధన 1960లో పోయింది. వ్యతిరేకుల నోరు మూయించడానికి నిర్వచనాన్ని మాత్రం బాగా బిగించారు. వైద్యపరంగా రుజువయ్యే లోపం ఉండాలి. దానివల్ల చెప్పుకోదగ్గ సంపాదన ఉన్న ఏ పనీ చేయలేకపోవాలి. మాజీ సైనికుల పరిహారంలో ఉన్నట్టు 30 శాతం, 60 శాతం అనే లెక్కలు ఇక్కడ లేవు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. 1967లో ఇంకో మెలిక పెట్టారు: దరఖాస్తుదారు చేయగల పని దేశంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉంటే చాలు, అది వాళ్ల ఊళ్లో ఉందా, ఎవరైనా ఉద్యోగం ఇస్తారా అన్నది అనవసరం.

చిక్కంతా ఇక్కడే ఉంది. పని చేయగలడా అన్నది చట్టం అడిగే ప్రశ్న. ఫైలులో ఉండేవేమో ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, గుండె పరీక్షల అంకెలు. ఒకే ఎమ్మారై రిపోర్టు ఉన్న ఇద్దరిలో ఒకరు ఉద్యోగానికి వెళ్తుంటారు, ఇంకొకరు మంచం దిగలేరు. లక్షల దరఖాస్తుల్లో ఒక్కొక్కరి బతుకూ విడిగా తూచడం అయ్యే పని కాదు కాబట్టి అధికారులు జబ్బుల జాబితా ఒకటి తయారు చేసుకున్నారు. మొదట్లో అది ఆఫీసు లోపలి వ్యవహారం. 1968లో నిబంధనల్లో ప్రచురించారు. ఇప్పుడు అందరూ బ్లూ బుక్ అనేది దాన్నే. ఫలానా జబ్బు ఫలానా తీవ్రతలో ఉంటే, మిగతా విచారణ లేకుండా భృతి మంజూరు. అంటే అది తొందరగా ఔనని చెప్పడానికి పెట్టుకున్న అడ్డదారి. జాబితాలో లేనంత మాత్రాన కాదనడానికి పెట్టింది కాదు.

1978లో స్థిరపడిన ఐదు మెట్ల పద్ధతిలో ఈ జాబితా మూడో మెట్టు. ఇప్పుడు పని చేస్తున్నారా, జబ్బు తీవ్రమైనదేనా అన్నవి దానికి ముందు. పాత పనికి తిరిగి వెళ్లగలరా, ఇంకేదైనా పని చేయగలరా అన్నవి తర్వాత. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది.

అసలు రభస 1981లో మొదలైంది. భృతి పొందుతున్నవారిని మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలని కార్టర్ కాలంలోనే, 1980లో చట్టం వచ్చింది. రీగన్ ప్రభుత్వం దాన్ని గడువుకంటే ముందే, మహా జోరుగా మొదలుపెట్టింది. మూడేళ్లలో సుమారు 4 లక్షల 90 వేల మందికి భృతి ఆపేశారు. అందులో దాదాపు 2 లక్షల మంది అప్పీలు చేసి తిరిగి తెచ్చుకున్నారు. అంతమంది విషయంలో తీర్పు తిరగబడిందంటే తప్పు రోగులది కాదని నాకు అనిపిస్తుంది. ఆరోగ్యం మెరుగుపడిందని చూపించకుండానే తీసేయడం ఒక ఘోరమైతే, ఎక్కువ దెబ్బ తిన్నది మానసిక రోగులు. జాబితాకు సరిపోని మానసిక రోగి నైపుణ్యం అక్కర్లేని పనైనా చేయగలడనే అనుకోవాలని లోలోపల ఒక విధానం నడిచింది. నాలుగో, ఐదో మెట్లు వాళ్లకి లేకుండా పోయాయన్నమాట. ఆ విధానం బయటికి తెలియనివ్వలేదు కాబట్టి అప్పీలు గడువు దాటిన బాధితుల కేసులు కూడా తెరవాల్సిందేనని 1986లో న్యూయార్క్ నగరం వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈలోగా చాలా రాష్ట్రాలు ఈ పరీక్షలు చేయబోమని మొండికేశాయి. 1984లో కాంగ్రెస్ సంస్కరణ చట్టం తెచ్చింది: ప్రతినిధుల సభలో 402-0, సెనేట్‌లో 99-0. ఒక్క వ్యతిరేక ఓటు లేదు! ఆరోగ్యం మెరుగైతేనే భృతి ఆపాలి, చిన్నాచితకా జబ్బులు నాలుగుంటే వాటిని కలిపి చూడాలి, మానసిక జబ్బుల ప్రమాణాలు తిరగరాయాలి అని అందులో ఉంది.

పిల్లల విషయంలో అన్యాయం ఇంకొన్నాళ్లు నడిచింది. పేద కుటుంబాల పిల్లలకిచ్చే భృతికి జాబితా ఒక్కటే దారి. పిల్లలకి ఉద్యోగాలుండవు కాబట్టి తర్వాతి మెట్లు వర్తించవని వాదన. 1990లో జెబ్లీ అనే పిల్లవాడి కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. వయసుకు తగ్గట్టు ఆ బిడ్డ ఏం చేయగలడో చూడాలంది. దాంతో భృతి పొందే పిల్లల సంఖ్య బాగా పెరిగింది, విమర్శలూ పెరిగాయి, 1996 సంక్షేమ చట్టం మళ్లీ బిగించింది.

జాబితా మార్పులు కూడా అనుకున్నంత వైద్యపరమైనవి కావు. 1999లో ఊబకాయాన్ని విడి అంశంగా జాబితాలోంచి తీసేశారు. 2008లో కొన్ని క్యాన్సర్లు, అరుదైన జబ్బులకు చకచకా మంజూరు చేసే ఏర్పాటు వచ్చింది. 2017 మార్చి నుంచి వేసే దరఖాస్తుల్లో, ఏళ్ల తరబడి చూస్తున్న సొంత డాక్టరు మాటకు ప్రత్యేకమైన బరువు ఇవ్వాలన్న పాత నియమం పోయింది. 

ఐదో మెట్టు సంగతైతే మరీ విచిత్రం. ఏయే పనులున్నాయో చూడటానికి వాడే వృత్తుల నిఘంటువును చివరిసారి సవరించింది 1991లో. కాయగింజలు ఏరే పని చేసుకోవచ్చు కదా అని చెప్పి కంప్యూటర్ల కాలంలో దరఖాస్తులు తోసిపుచ్చారు. ఎట్టకేలకు 2024లో అందులోని వందకు పైగా వృత్తులను ఇక చూపించవద్దని సోషల్ సెక్యూరిటీ ఆదేశించింది. అదే ఏడాది, పాత పని అంటే గత 15 ఏళ్లలో చేసినది అన్న లెక్కను 5 ఏళ్లకు తగ్గించింది. నిఘంటువు మాత్రం ఇంకా వాడుకలోనే ఉంది.