కిక్కిసను కాల్చడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: నిప్పు పెడితే కిక్కిస పీడ విరగడవుతుంది.

వాస్తవం: కిక్కిస అంటే చిత్తడి నేలల్లో గుబురుగా పెరిగే పొడవాటి రెల్లు లాంటి గడ్డి. మంటకు ఆహుతయ్యేది నేలపైనున్న ఎండు కాడలు మాత్రమే, తడి మట్టిలో పాకిన కొమ్ములకు (నేలలోపలి కాండాలకు) ఆ వేడి సోకదు. చలికాలం చివర్లో కాలిస్తే, అడుగున పేరుకున్న చెత్త తొలగి నేలకు వెలుతురు తగలడంతో పిలకలు తరచూ మునుపటికన్నా ఒత్తుగా లేస్తాయి. కిక్కిసను నిజంగా తగ్గించాలంటే, పచ్చగా ఎదుగుతున్న కాలంలో కాల్చి లేదా కోసి, మోళ్లు మునిగేలా నీరు నిలపాలి. కొమ్ములకు గాలి చేరేది ఆ బోలు కాడల గుండానే కనుక, ఆ దారి మూసుకుపోతే అవి ఊపిరాడక కుళ్లిపోతాయి.

అపోహ: ఎండిన పొదలో ప్రాణమేదీ ఉండదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఒక ఎండు కాడను నిలువునా చీల్చి చూడండి: ఆకు ఒరలో కాళ్లు ముడుచుకుని పడుకున్న సాలీడో, బోలులో చలికాలం గడుపుతున్న ఈగ లార్వానో కనిపించవచ్చు. చలికాలంలో చిన్న పిట్టలకు ఆహారం ఇవే. కొత్త కాడలు ఎదగకముందే గూడు కట్టే పక్షులకు నిలువెత్తు పాత కాడలే ఆధారం. అందుకే పొదనంతా ఒకేసారి కాల్చకుండా, భాగాలుగా విడదీసి, ఏడాదికొక భాగాన్ని కాల్చి మిగతావాటిని వదిలేయాలని నేను పట్టుబడతాను.

అయితే ఏమాత్రం కాల్చకపోవడమూ మేలు కాదు. చెత్త ఏటా పేరుకుంటూ పోతే నేల మెరకెక్కి, విల్లో వంటి చెట్లు చొరబడి, చిత్తడి నేల స్వభావమే మారిపోతుంది. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2012లో చేరిన జపాన్‌లోని వతరసే చిత్తడి నేలలో ఏటా మార్చిలో కిక్కిసను కాలుస్తారు. అది మళ్లీ ఎదిగి నీడ కమ్మేలోపు, వసంతంలో మొలిచే అరుదైన చిన్న మొక్కలకు ఎండ దక్కుతుంది.

అపోహ: నీటి నేల కదా, మట్టికి ప్రమాదం లేదు.

వాస్తవం: నేల తడిగా ఉన్నంతవరకే ఈ మాట నిజం. నీటి మట్టం పడిపోయి పీట్ పొర (సగం కుళ్లిన మొక్కల అవశేషాలు పేరుకున్న మట్టి) ఎండిందంటే, పైన మంట ఆరినా లోపల నిప్పు రోజులు, వారాల తరబడి రాజుకుంటూనే ఉండి, కొమ్ములతోపాటు ఏళ్లుగా పోగైన కార్బన్‌నూ కాల్చేస్తుంది. పీట్ ఎండి ఉన్నప్పుడు కాల్చకూడదన్నదే నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: బూడిద అంతా ఎరువే.

వాస్తవం: నత్రజనిలో అధిక భాగం పొగతోపాటే పోతుంది. మిగిలిన భాస్వరం, పొటాషియం మొదటి నీటితో కొట్టుకొచ్చి మడుగులో చేరితే నాచు పెరగవచ్చు కనుక, మడుగు అంచున కొంత మేర కిక్కిసను కాల్చకుండా వదిలేస్తాం.