బయటికి నెట్టిన తలుపు గుండానే లోపలికి

పశ్చిమాఫ్రికా దేశమైన ఘనా ప్రభుత్వం 2019ని ‘ఇయర్ ఆఫ్ రిటర్న్’గా, అంటే తిరిగొచ్చే ఏడాదిగా జరిపింది. బానిసలుగా అమ్మడానికి బందీలుగా పట్టుకున్న ఆఫ్రికన్లను 1619లో తొలిసారి అమెరికాలోని వర్జీనియా తీరంలో దించి అప్పటికి 400 ఏళ్లు. పూర్వీకుల గడ్డను చూసుకోవడానికి అమెరికా నల్లజాతీయులు ఆ ఏడాది పెద్ద సంఖ్యలో ఘనా రాజధాని ఆక్రా వచ్చారు. ఇదంతా టూరిజం ప్రచారమేనని కొందరు కొట్టిపారేశారు. డాలర్ల లెక్క ఉన్నమాట నిజమే. కానీ ఈ రాక అంతకు అరవై ఏళ్ల ముందే మొదలైంది.

1957 మార్చిలో ఘనా స్వాతంత్ర్య వేడుకలకు మార్టిన్ లూథర్ కింగ్ వెళ్లారు. 1961లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 93 ఏళ్ల వయసులో, అప్పటి ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రుమా ఆహ్వానం మీద అక్కడికే మకాం మార్చారు. రెండేళ్లకు ఆక్రాలోనే కన్నుమూశారు.

ఇలా వచ్చేవాళ్లంతా వెతుక్కుంటూ వెళ్లే చోటు ఘనా తీరంలోని కేప్ కోస్ట్ కోట. బందీలను లోతట్టు ఊళ్ల నుంచి సంకెళ్లతో నడిపించుకొచ్చేవారు. దారిలో అస్సిన్ మాన్సో దగ్గర ఏటిలో స్నానం చేయించేవారు. సొంత గడ్డ మీద అదే వాళ్ల ఆఖరి స్నానం. ఆపైన కోటలో గాలీ వెలుతురూ ఆడని నేలమాళిగల్లో కుక్కేవారు. మగవాళ్లను ఉంచిన మాళిగకు సరిగ్గా పైన ప్రార్థనా మందిరం ఉండేది. ఓడ వచ్చాక సముద్రం వైపు తలుపు గుండా బయటికి నెట్టేవారు. ‘డోర్ ఆఫ్ నో రిటర్న్’, అంటే తిరిగిరాని తలుపు అనేది దాన్నే. ఆఫ్రికా తీరమంతటా కలిపి ఇలా ఓడలెక్కించినవాళ్లు సుమారు 1.25 కోట్ల మందని చరిత్రకారుల అంచనా. అందులో దాదాపు 18 లక్షల మంది నడిసముద్రంలోనే చనిపోయారు.

1998లో అదే తలుపు గుండా రెండు శవపేటికలను సముద్రం వైపు నుంచి లోపలికి మోసుకొచ్చారు. బానిసలుగా బతికి చనిపోయిన ఇద్దరి అవశేషాలవి. ఒకరు అమెరికాకు చెందిన శామ్యూల్ కార్సన్, మరొకరు జమైకా నుంచి తెచ్చిన క్రిస్టల్ అనే మహిళ. అస్సిన్ మాన్సో ఏటి దగ్గరే వారిని ఖననం చేశారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి పెద్ద ఘట్టం అదే.

మనుషులను పట్టి అమ్మడంలో స్థానిక రాజులకూ వర్తకులకూ వాటా ఉంది. ఆ మాట దాచి పూర్వీకులకు దండలు వేస్తే అది గౌరవం కాదు. 1999లో మరో పశ్చిమాఫ్రికా దేశం బెనిన్ అధ్యక్షుడు మాథ్యూ కెరెకు ఆ వాటాకు అమెరికా వెళ్లి మరీ క్షమాపణ చెప్పారు.

వచ్చినవాళ్లకు హక్కులు మాత్రం నెమ్మదిగా దక్కాయి. ఘనా 2000లోనే శాశ్వత నివాస హక్కుకు చట్టం చేసినా, 126 మందికి ఒకేసారి పౌరసత్వం ఇచ్చింది 2019 నవంబరులో. 2024లో మరో 524 మందికి ఇచ్చింది. అదే ఏడాది బెనిన్ కూడా బానిసల వారసులకు పౌరసత్వ చట్టం తెచ్చింది. ఓడల జాబితాల్లో చాలామందికి పేరే రాయలేదు, ఇక వంశవృక్షం ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే పాత పత్రాలతో పాటు డీఎన్ఏ పరీక్షనూ ఆ చట్టం రుజువుగా ఒప్పుకుంటుంది.