డిస్క్ మారినా నంబర్లు మారవు

డీటీపీ సెంటర్లలో పాత డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఏళ్ల తరబడి పోగైన శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాల ఫైళ్లు ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని సీడీ ఎక్కడుందంటే చాలామంది చెప్పలేరు. అలాంటి సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే, హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ మళ్లీ వేసుకోమని చెప్పేయడం తేలిక. ఇంట్లో వాడే లాప్‌టాప్‌కి నేనూ అదే చెబుతాను. కానీ ఫాంట్లు, కీబోర్డు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ ఒక మనిషి చేతికి అలవాటుపడి, దాని మీదే ఒక ఇల్లు గడుస్తున్నప్పుడు, అదంతా చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టమనడం అన్యాయం. అక్కడ పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించే క్లోనింగే సరైన దారి.

సీ డ్రైవ్‌లో కనిపించేదంతా కాపీ చేసి కొత్త డిస్క్‌లో పేస్ట్ చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫైళ్లు వస్తాయి గానీ కంప్యూటర్ బూట్ అవదు. పవర్ బటన్ నొక్కగానే కంప్యూటర్‌ను మేల్కొలిపే బయోస్ వెతికేది ఫైళ్లను కాదు, డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే డేటా దాచే చిన్న గడిని. ఈ పాత తరహా డిస్క్‌లలో 512 బైట్ల ఆ కాస్త చోటులోనే విండోస్‌ను లేపే ప్రోగ్రామ్ మొదటి ముక్క, డిస్క్‌ను ఏయే భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టారో చెప్పే 64 బైట్ల పట్టిక ఉంటాయి. అది ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు. అందుకే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ల పేర్లతో పని పెట్టుకోదు. పాత డిస్క్‌లో 0వ సెక్టార్‌లో ఏముందో కొత్తదాని 0వ సెక్టార్‌లో రాస్తుంది, తర్వాత 1వది, తర్వాత 2వది. 500 జీబీ డిస్క్‌లో ఇలాంటి సెక్టార్లు 97,67,73,168 ఉంటాయి.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లాలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ, చదివి రాసే హెడ్ అటూ ఇటూ కదులుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. అంటే కావలసిన సెక్టార్ హెడ్ కిందికి వచ్చేదాకా సగటున 4 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి, హెడ్ జరగడానికి ఇంకో 8, 9 పడుతుంది. అందువల్ల చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను చదవమంటే సెకనుకు 80 కూడా చదవడం కష్టం. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు అర ఎంబీ కూడా రాదు. అదే డిస్క్‌ను వరసగా చదవమంటే సెకనుకు 100 ఎంబీకి పైగా సునాయాసంగా ఇస్తుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు, పేజ్‌మేకర్ ఫాంట్లన్నీ వెతుక్కునేటప్పుడు జరిగేది మొదటి రకం పని. మన ఓపికను పరీక్షించేది ఆ ఎదురుచూపే.

క్లోనింగ్ రెండో రకం పని. మొత్తం వరసగా చదువుకుంటూ పోవడమే కాబట్టి పాత డిస్క్‌కు బాగా చేతనైన పని అదే. స్క్రీన్ మీద వేగం చూపించే అంకెను గమనించండి. మొదట్లో 150 ఎంబీ దగ్గర ఉన్నది, పోనుపోను తగ్గి చివరికి దాదాపు సగానికి వస్తుంది. చూసి డిస్క్ చచ్చిపోతోందని టెన్షన్ పడతారు. భయం లేదు. 0వ సెక్టార్ పళ్లెం బయటి అంచున ఉంటుంది, అక్కడ చుట్టు పెద్దది, ఒక్క చుట్టులో ఎక్కువ సెక్టార్లు పడతాయి. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. సగటున సెకనుకు 100 ఎంబీ చొప్పున 500 జీబీకి దాదాపు గంటా 25 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీని పాత యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలిస్తే మాత్రం నాలుగు గంటలు ఎటూ పోవు. కరెంటు మీద నమ్మకం లేకపోతే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

ఇక్కడ నాకు ఎంతో ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఎస్‌ఎస్‌డీలో పళ్లెం లేదు, చుట్లు లేవు, అంచు లేదు. 1980లలో తోషిబాలో ఫుజియో మసుఓకా రూపొందించిన ఫ్లాష్ మెమరీయే అందులో ఉండేది. విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సూక్ష్మమైన గదులు అవి. దానికి ఒక ఇబ్బంది ఉంది. రాసినచోటే మళ్లీ రాయలేదు. ముందు చెరపాలి, చెరిపితే కొన్ని ఎంబీల బ్లాకు మొత్తం ఒకేసారి చెరపాలి. అందుకని 500వ సెక్టార్‌ను మార్చమంటే, ఎస్‌ఎస్‌డీలోని కంట్రోలర్ కొత్త సంగతిని ఇంకెక్కడో ఖాళీగా ఉన్నచోట రాసి, "500 ఇకనుంచి అక్కడ" అని తన పట్టికలో దిద్దుకుంటుంది. క్లాసులో హాజరు పిలిచినట్టే. నంబరు పిలిస్తే పిల్లవాడు పలకాలి, ఏ బెంచీలో కూర్చున్నాడన్నది అనవసరం. ఆ నంబర్ల వరసను రెండు రకాల డిస్క్‌లూ ఒకే తీరుగా చూపిస్తాయి కాబట్టే, లోపల ఏ పోలికా లేకున్నా ఒకదాన్నుంచి ఇంకోదానికి క్లోన్ చేయగలుగుతున్నాం.

అయితే నంబర్లతో పాటు పాత డిస్క్ అలవాట్లూ వచ్చేస్తాయి. ఒకప్పుడు కంప్యూటర్ డిస్క్‌లో చోటును చుట్టు, హెడ్, సెక్టార్ అనే మూడు అంకెలతో చెప్పేది. సెక్టార్ అంకెకు ఇచ్చింది ఆరు బిట్లు, లెక్క 1 నుంచి మొదలు, కాబట్టి ఒక చుట్టుకు గరిష్ఠంగా 63 సెక్టార్లు. మొదటి చుట్టును బూట్ పనికి వదిలేసి మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. విండోస్ ఎక్స్‌పీ దాకా అదే సాగింది. ఎక్స్‌పీ నాటి పార్టిషన్‌ను అలాగే ఉంచి పైన విండోస్ 7 వేసుకున్న సిస్టమ్‌లలో ఆ 63 ఇప్పటికీ ఉంటుంది. విండోస్ సాధారణంగా 4,096 బైట్ల ముక్కలుగా రాస్తుంది, ఎస్‌ఎస్‌డీ లోపలి ఏర్పాటు కూడా ఆ కొలతకు సరిపోయేదే. 63ను 512తో గుణిస్తే 32,256. అది 4,096తో నిశ్శేషంగా భాగించబడదు. దాంతో ప్రతి ముక్కా సరిహద్దుకు అటూ ఇటూ కాళ్లు చాపుకొని పడుతుంది, ఒక్కసారి రాయాల్సిన పని రెండుసార్లు అవుతుంది. మీ సిస్టమ్‌లో ఎలా ఉందో తెలుసుకోవాలంటే స్టార్ట్ మెనూలో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని టైప్ చేసి, స్టోరేజ్ కింద డిస్క్‌ల భాగంలో పార్టిషన్ ఎక్కడ మొదలైందో చూడండి. 10,48,576 ఉంటే నిశ్చింత. విస్టా నుంచి వచ్చిన పద్ధతి అది. 32,256 ఉంటే క్లోన్ చేసేటప్పుడే పార్టిషన్‌ను సరైన గీతకు జరిపే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి.

రెండో చిక్కు సైజు. షాపులో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎక్కువగా దొరుకుతుంది, 500కీ దానికీ పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. అందులో ఉండేది 93,77,03,088 సెక్టార్లు. దాదాపు 3 కోట్ల 90 లక్షల సెక్టార్లకు చోటు లేదు. డిస్క్‌లో సగం ఖాళీగా ఉన్నా సరే, చివర్లో పార్టిషన్ ఉంటే వరసగా కాపీ చేసే పద్ధతి అక్కడ తెగిపోతుంది. ముందే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివరి పార్టిషన్‌ను 20 జీబీకి కాస్త ఎక్కువే కుదించుకోవాలి. వీలైతే 500 లేదా అంతకంటే పెద్దది కొనడమే సుఖం. అక్కడ మిగిలే డబ్బు కన్నా పోయే సమయం విలువైనది.

ఖాళీ చోటును కూడా కాపీ చేయాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మనం డిలీట్ చేసిన ఫైళ్ల అవశేషాలు పాత డిస్క్‌లో అలాగే ఉంటాయి. సెక్టార్లన్నీ రాస్తే, ఆ చెత్తంతా నిజమైన డేటా అనుకొని ఎస్‌ఎస్‌డీ భద్రంగా మోస్తుంది, దానికి పని చేసుకునేందుకు ఖాళీ బ్లాకులు మిగలవు. ఏది ఖాళీయో చెప్పే ఆదేశం పేరు ట్రిమ్. ఎక్స్‌పీకి అది తెలియదు. విండోస్ 7 ఫైలు డిలీట్ చేసినప్పుడే చెబుతుంది. విండోస్ 8 నుంచి ఖాళీ చోటంతటికీ ఒకేసారి చెప్పే వీలుంది. కాబట్టి పాత విండోస్ ఉన్నవాళ్లు వాడుకలో ఉన్న చోటును మాత్రమే కాపీ చేసే పద్ధతి తీసుకోవాలి. తైవాన్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా మామూలుగా చేసేది అదే.

డిస్క్ ఇప్పటికే టక్ టక్ మంటుంటే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ జోలికే పోకండి. ముందు డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197 నంబర్ల వరసలు చూడండి. మొదటిది పాడై పక్కన పెట్టిన సెక్టార్లు, రెండోది చదవలేక అనుమానంలో ఉన్నవి. 197లో సున్నా కాకుండా ఏమైనా ఉంటే, పాడైన డిస్క్ నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాలి. మామూలు కాపీ ఒక్క చెడ్డ సెక్టార్ దగ్గరే పదేపదే ప్రయత్నిస్తూ డిస్క్‌ను మరింత అలిసిపోయేలా చేస్తుంది. డీడీరెస్క్యూ చెడ్డచోటును దాటేసి, ముందు బాగున్నదంతా తీసి ఒడ్డున పడేసి, ఆ తర్వాతే వెనక్కి వచ్చి మిగిలినదాని కోసం ప్రయత్నిస్తుంది. ఏది అయింది, ఏది కాలేదన్నది ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే సాగుతుంది. ప్రాణం మీదికి వచ్చిన డిస్క్ విషయంలో ఈ క్రమం ఎంత విలువైనదో చెప్పలేను.

క్లోన్ పూర్తయ్యాక పాత డిస్క్ వైరు తీసేసి, కొత్తది ఒక్కటే ఉంచి మొదటిసారి ఆన్ చేయండి. 0వ సెక్టార్‌లో 4 బైట్ల గుర్తు ఒకటుంటుంది, విండోస్ డిస్క్‌ను దానితోనే గుర్తుపడుతుంది. రెండింటిలో అదే గుర్తు కనిపిస్తే ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, లేదా దాని గుర్తు మార్చేస్తుంది. అప్పుడు బాగా అయిన క్లోన్ కూడా బూట్ అవక మొరాయిస్తుంది.

పాత డిస్క్‌ను ఒకటి రెండు నెలలు బీరువాలో ఉంచండి. ఆ తర్వాత అమ్మేస్తే, ముందు దాన్నంతా సున్నాలతో ఒకసారి నింపండి. డీటీపీ సెంటర్ డిస్క్‌లో కస్టమర్ల ఆధార్ కాపీలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫొటోలు ఉంటాయి, ఫార్మాట్ కొట్టినంత మాత్రాన అవి పోవు. ఎస్‌ఎస్‌డీని అమ్మాల్సి వస్తే మాత్రం సున్నాలు నింపడం చాలదు. నంబర్లు మారకపోయినా రాసే చోటు మారుతుంటుంది కదా, పాత డేటా లోపల ఎక్కడో మిగిలిపోవచ్చు. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి.