కొత్త బ్యాటరీ రెండు రోజులకే ఎందుకు పడిపోయింది?

మే నెలలో ఒక రాత్రి కడపలోని మా ఇంట్లో దొంగల అలారం నిమిషానికోసారి కూయడం మొదలుపెట్టింది. టెన్షన్‌తో తలుపులన్నీ చూశాం, ఎవరూ లేరు. కీప్యాడ్ మీద 'లో బ్యాటరీ' అని కనిపిస్తోంది. పొద్దున అంగడికి పోతే "బ్యాటరీ పోయింటాదన్నా, మార్చేయ్" అన్నారు. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేశాను. మూడో రోజు మళ్ళీ అదే కూత.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. మా అలారం ప్యానెల్ (అలారాన్ని నడిపే ప్రధాన బోర్డు), సెన్సార్లు కలిసి సుమారు 150 మిల్లీఆంపియర్లు, అంటే 0.15 ఆంపియర్లు తీసుకుంటాయి. 7 ఆంపియర్ అవర్లను దానితో భాగిస్తే 46 గంటల పైచిలుకు. అంటే ఇంట్లో కరెంటు ఉన్నా అలారం మాత్రం ఆ రెండు రోజులూ బ్యాటరీ మీదే నడిచింది. రోగం బ్యాటరీది కాదు, ఇంటి కరెంటును తగ్గించి దానికి చార్జింగ్ పెట్టే పవర్ సప్లై యూనిట్‌ది. బ్యాటరీ ఉన్నంతసేపూ అలారం మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి సప్లై పోయిన సంగతి పైకి తెలియదు.

సీసం బ్యాటరీలో ఆరు గదులుంటాయి. గదికి 2.3 వోల్టుల చొప్పున మొత్తం 13.8 వోల్టులు నిలకడగా అందుతుంటేనే అది నిండుగా ఉంటుంది. బ్యాటరీ వైర్లు తీసి సప్లైకి మల్టీమీటర్ పెడితే 13.6 చూపించింది. బాగానే ఉందనిపించింది. ప్యానెల్‌ను కలపగానే 9కి జారిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి వదిలేస్తే ఇక్కడే మోసపోతాం, లోడ్ మీద, అంటే ప్యానెల్ కరెంటు లాగుతుండగా కొలవాల్సిందే.

మెయిన్ ఆపి సప్లై ఉన్న పెట్టె మూత తీస్తే కారణం కళ్ళకే కనిపించింది. కరెంటును నిల్వ చేసి వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బా లాంటి కెపాసిటర్ నెత్తి చదునుగా ఉండాలి, పూరీలా ఉబ్బి ఉంది. దాని లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో తడిసిన కాగితం చుట్టలు చుట్టి ఉంటాయి. వేడికి ఆ ద్రవం రబ్బరు బిరడా గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మా పెట్టె ఉన్నది మిద్దె మీది మెట్ల గదిలో. బయటే 40 దాటే ఎండల్లో ఆ మూసిన పెట్టె లోపల ఎంత ఉడికి ఉంటుందో!

మెయిన్ ఆపాం కదా అని వెంటనే చెయ్యి పెట్టకండి. 230 వోల్టుల ఏసీ నుంచి నిండే పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉంటాయి. కొన్ని నిమిషాలు ఆగి, మీటర్‌తో చూశాకే ముట్టుకోవాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు.

కొత్త సప్లైలో వోల్టేజీ పాతదానంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్వాలేదు, ప్లస్ మైనస్ మారకూడదు. బిగించాక లోడ్ మీద 13.7 నిలిచింది. మెయిన్ ఆపి సైరన్ కూడా మోగించి చూశాం. పెట్టెను మాత్రం మళ్ళీ పైన పెట్టలేదు. కింద, హాల్లో గోడకు బిగించాం. మిట్టమధ్యాహ్నం తాకినా గోరువెచ్చగానే ఉంటోంది.