సినిమా లోకాల ఆయుష్షు: థీమ్ పార్కుల డెబ్బై ఏళ్ల ప్రయాణం

వేసవి సెలవుల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి బెంగళూరు దాటి బిడది వైపో, చెన్నై తూర్పు తీర రహదారి వైపో వెళ్లి వచ్చే కుటుంబాలకు థీమ్ పార్కులు కొత్త కాదు. అక్కడ ప్రధాన ఆకర్షణ నీటి ఆటలు, ఎత్తైన రైడ్లు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లి ఫ్లోరిడాలోని ఓర్లాండో చూసి వచ్చిన పెద్దలు మాత్రం మరో రకం పార్కుల గురించి చెబుతారు. వాటిలో ఒక్కో భాగాన్ని ఒక్కో ప్రసిద్ధ సినిమాకో, నవలకో, వీడియో గేముకో అంకితం చేసి, ఆ కథలోని వీధులను, ఇళ్లను, కొండలను నిజమైన కొలతలతో కట్టి నిలబెడతారు. సినిమా మోజు సాధారణంగా కొన్నేళ్లలో తగ్గిపోతుంది, కాంక్రీటుతో కట్టిన కట్టడం మాత్రం దశాబ్దాలు నిలవాలి. ఈ రెండింటికీ పొంతన కుదురుతుందా అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే ఈ పద్ధతి ఎలా మొదలై ఎలా మారిందో చూడాలి.

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 1955 జులై 17న వాల్ట్ డిస్నీ తన డిస్నీల్యాండ్‌ను ప్రారంభించినప్పుడు పార్కులోని ఏ విభాగమూ ఒకే సినిమా మీద ఆధారపడి లేదు. సాహస లోకం, సరిహద్దు సీమ, అద్భుత కథల లోకం, రేపటి లోకం అంటూ ఒక్కో విభాగాన్ని ఒక్కో కథా వాతావరణం చుట్టూ అల్లారు. స్నో వైట్, పీటర్ పాన్ వంటి సినిమాల రైడ్లు ఉన్నా, అవి ఆ పెద్ద వాతావరణంలో భాగాలుగానే ఉండేవి. 1967లో అక్కడే ప్రారంభమైన సముద్రపు దొంగల పడవ రైడ్‌కు మూలంగా ఏ సినిమా లేదు. 36 ఏళ్ల తర్వాత, 2003లో, ఆ రైడ్ ఆధారంగానే పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ సినిమా వచ్చింది. పేరున్న కథ ఉంటేనే జనం వస్తారన్న వాదనకు ఈ చరిత్ర మొదట్లోనే అడ్డు తగులుతుంది.

ఒకే కథాలోకానికి ఒక విభాగాన్ని పూర్తిగా కేటాయించడం కూడా కొందరు అనుకునేంత కొత్తది కాదు. కాలిఫోర్నియాలోనే ఉన్న నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే పార్కు 1983లో స్నూపీ అనే కార్టూన్ కుక్క పేరుతో పిల్లల విభాగాన్ని తెరిచింది. ఆ కార్టూన్లు గీసిన చార్లెస్ షుల్జ్ 2000లో మరణించినా, కొత్త కార్టూన్లు ఆగిపోయినా, ఆ విభాగం నేటికీ నడుస్తోంది. మరోవైపు యూనివర్సల్ సంస్థ తన సినిమాల పేరుతో విడివిడి రైడ్లు కట్టింది. వాటి చరిత్ర చాలా విచిత్రంగా సాగింది. ఓర్లాండోలో బ్యాక్ టు ది ఫ్యూచర్ రైడ్ 2007లో, జాస్ రైడ్ 2012లో మూతపడ్డాయి. ఆ రెండు సినిమాలూ ఘనవిజయాలే. 1990లో మొదలైన ఈటీ రైడ్ మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. 1995లో విడుదలై పెట్టిన ఖర్చుకు తగిన ఆదరణ పొందలేకపోయిన వాటర్‌వరల్డ్ ఆధారంగా హాలీవుడ్‌లో అదే ఏడాది మొదలైన సాహస ప్రదర్శన, ఆ సినిమాను ఎన్నడూ చూడని తరాన్ని కూడా మూడు దశాబ్దాలుగా ఆకట్టుకుంటోంది. నీళ్లలో పేలుళ్లు, పడవల వేట, ఎత్తు నుంచి దూకే విన్యాసాలు చూసి ఆనందించడానికి కథ తెలిసి ఉండాల్సిన పని లేదు.

1999లో ఓర్లాండోలో తెరుచుకున్న యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కును దాదాపు పూర్తిగా ఇలాంటి విభాగాలతోనే నిర్మించారు. అందులో పొపాయ్ వంటి పాత కార్టూన్ పాత్రల విభాగం ఉంది. ఈనాటి పిల్లల్లో ఆ పాత్రలు తెలిసినవారు తక్కువే అయినా, ఎండ వేళ ఆ నీటి రైడ్ల దగ్గర వరుసలు కడుతూనే ఉన్నారు. అదే పార్కులోని మార్వెల్ విభాగం నిలబడడానికి మరో కారణం తోడైంది. 1994లో యూనివర్సల్‌తో కుదిరిన ఒప్పందం వల్ల, 2009లో మార్వెల్‌ను డిస్నీ కొనుగోలు చేసినా, స్పైడర్‌మ్యాన్ వంటి పాత్రలను ఫ్లోరిడాలోని తన పార్కుల్లో వాడుకునే అవకాశం దానికి లేకపోయింది. ఒక విభాగం ఎంతకాలం ఉంటుందన్నది కొన్నిసార్లు ప్రేక్షకుల అభిమానం కన్నా హక్కుల పత్రాల మీద ఆధారపడుతుందని ఇక్కడ స్పష్టమవుతుంది.

ఈ చరిత్రను మలుపు తిప్పింది 2010 జూన్ 18. ఆ రోజు ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హ్యారీ పాటర్ కథలోని హాగ్స్‌మీడ్ గ్రామం తెరుచుకుంది. మంచు కప్పిన ఇళ్లు, వంకర పొగగొట్టాలు, కొండ మీద కోట మాత్రమే కాకుండా, కథలోని పాత్రలు తాగే బటర్‌బీర్‌ను కూడా అక్కడ అమ్మారు. బయట దొరికే శీతల పానీయాల పేర్లు ఆ గ్రామంలో కనబడనివ్వలేదు. పరిశ్రమ అంచనాల ప్రకారం 2009లో సుమారు 46 లక్షలుగా ఉన్న ఆ పార్కు సందర్శకుల సంఖ్య 2011 నాటికి సుమారు 76 లక్షలకు చేరింది. చివరి నవల 2007లోనూ చివరి సినిమా 2011లోనూ వచ్చాక ఊపు తగ్గుతుందని కొందరు భావించారు. అయితే 2014లో పక్క పార్కులో అదే కథలోని డయాగన్ ఆలీ వీధి, అదే ఏడాది జపాన్‌లోని ఒసాకాలో మరో గ్రామం, 2016లో హాలీవుడ్‌లో ఇంకొకటి తెరుచుకున్నాయి. నా దృష్టిలో ఈ విజయానికి మూలం హీరో మీద ఉన్న అభిమానం కాదు. ఆ నవలలు చదివిన పిల్లవాడు హ్యారీకి ఏమవుతుందోనని ఎంత ఆరాటపడ్డాడో, ఆ బడిలో తనకూ సీటు దొరికితే బాగుండునని అంతకన్నా ఎక్కువగా కోరుకున్నాడు. 2014 నుంచి అమ్ముతున్న మంత్రదండాలను కిటికీల ముందు ఊపితే లోపలి బొమ్మలు కదులుతాయి. ఆ ఏర్పాటు సందర్శకుడికి ఆ లోకంలో ఒక స్థానం ఇచ్చింది.

మన ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాలను చూసినవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, మధ్యలో అర్జునుడి వేషధారి తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే ఘట్టం, చివరి రోజున నేల మీద మట్టితో మలచిన దుర్యోధనుడి భారీ విగ్రహం, ఆ సాయంత్రం అగ్నిగుండం. ఇవన్నీ కథను కళ్ల ముందు కట్టి చూపించే పద్ధతులే. దుర్యోధనుడు పడిపోతాడని అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందే తెలుసు, అయినా మరుసటి ఏడాది మళ్లీ వస్తారు. తపసుమాను పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం కొంగు పట్టే స్త్రీకీ, గుండం తొక్కడానికి కంకణం కట్టుకున్న మనిషికీ ఆ కథలో తమదైన పని ఉంది. భక్తికీ వ్యాపార వినోదానికీ ఉన్న తేడా ఎంతో పెద్దది, దాన్ని చెరిపేయడం నా ఉద్దేశం కాదు. కథ ముగింపు తెలిసిన తర్వాత కూడా మనుషులు ఒక చోటికి తిరిగి రావడానికి కారణమేమిటన్న ప్రశ్నకే ఈ పోలిక పరిమితం.

పాటర్ విజయం చూసిన తర్వాత డిస్నీ వేసిన రెండు అడుగులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2009 నాటి అవతార్ సినిమా వసూళ్లలో రికార్డులు సృష్టించినా, దాని పాత్రల పేర్లు ఎవరికీ గుర్తు లేవనీ, ఆ లోకం మీద కోట్లు పోయడం వృథా అనీ విమర్శకులు అన్నారు. 2017 మే 27న ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో ఆ సినిమా లోకమైన పండోరా పేరుతో విభాగం తెరుచుకుంది. 2016లో సుమారు 1.08 కోట్లుగా ఉన్న ఆ పార్కు సందర్శకుల అంచనా 2018లో 1.37 కోట్లు దాటింది. అవతార్ రెండో భాగం వచ్చింది 2022 డిసెంబరులో. అంటే దాదాపు అయిదున్నరేళ్ల పాటు కొత్త సినిమా సాయం లేకుండానే ఆ విభాగం జనాన్ని రప్పించుకుంది. తేలే కొండలు, రాత్రిపూట వెలిగే మొక్కలు, రెక్కల జీవి మీద ఎగిరిన అనుభూతినిచ్చే రైడ్ దాని బలం. సినిమాలోని వీరులు అక్కడ కనిపించరు, వారి కోసం ఎవరూ వెతకరు.

స్టార్ వార్స్ అభిమానుల సంఖ్యకు అవతార్ అభిమానుల సంఖ్య సాటి రాదు. అయినా 2019 మే 31న డిస్నీల్యాండ్‌లో, ఆగస్టు 29న ఫ్లోరిడాలో తెరుచుకున్న గెలాక్సీస్ ఎడ్జ్ అనే స్టార్ వార్స్ విభాగానికి తొలి వేసవిలో ఊహించినంత రద్దీ కనబడలేదు. రద్దీకి భయపడి చాలామంది ప్రయాణం వాయిదా వేసుకోవడం, ప్రధాన రైడ్ ఫ్లోరిడాలో డిసెంబరు వరకు, కాలిఫోర్నియాలో 2020 జనవరి వరకు సిద్ధం కాకపోవడం అందుకు కొంత కారణం. అసలు ఇబ్బంది అంతకన్నా లోతైనదని నేను భావిస్తున్నాను. బటూ అనే ఆ గ్రహం ఏ సినిమాలోనూ కనిపించదు. అక్కడి కాలాన్ని కొత్త సినిమాల నాటికి కట్టిపడేయడంతో, తరతరాలు ప్రేమించిన డార్త్ వేడర్ వంటి పాత్రలకు చోటు లేకపోయింది. 2022 నవంబరులో టీవీ సిరీస్‌లోని మాండలోరియన్‌ను, చిన్నారి గ్రోగూను కాలిఫోర్నియా విభాగంలోకి తీసుకురావడంతో ఆ నియమం సడలింది. స్టార్ వార్స్ కథ మీదే ఫ్లోరిడాలో 2022 మార్చిలో మొదలైన హోటల్ సందర్శకులను రెండు రాత్రుల పాటు కథలో పాత్రలుగానే ఉంచింది. ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లతో మొదలయ్యే ధర పెట్టిన ఆ హోటల్‌ను 2023 సెప్టెంబరులో మూసేశారు. పాత్ర ఇచ్చినా, మళ్లీ రాలేనంత ధర పెడితే ఆదరణ నిలవదు.

సందర్శకుడికి పని ఇచ్చే లోకానికీ ఇవ్వని లోకానికీ ఉన్న తేడా మూతపడినవాటి జాబితాలోనూ కనిపిస్తుంది. 1998 నాటి యానిమేషన్ సినిమా మీద కాలిఫోర్నియాలో డిస్నీ 2002లో తెరిచిన పురుగుల లోకాన్ని 2018లో తీసేసి, 2021లో అవెంజర్స్ విభాగం పెట్టారు. చిన్నపిల్లలకు తప్ప ఇతరులకు ఆడుకోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండేది కాదు.

మన దేశంలో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరగలేదు. 2013లో మహారాష్ట్రలోని ఖోపోలి దగ్గర మొదలైన ఇమాజికా పార్కులో మిస్టర్ ఇండియా సినిమా పేరుతో ఒక రైడ్ ఉంది. హైదరాబాద్‌లోని రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి సెట్లను సందర్శకులకు చూపిస్తున్నారు. చిత్రీకరణ కోసం వేసిన సెట్టును చూసి వచ్చే అనుభవానికీ, సందర్శకుడి కోసమే కట్టిన లోకంలో ఒక పూట గడిపే అనుభవానికీ చాలా దూరం ఉంది. మాహిష్మతి వంటి నగరం ఊహల్లో ఇంత బలంగా నాటుకున్న తర్వాత, ఆ రెండో రకం ప్రయత్నం తెలుగులో ఇంకా జరగకపోవడం నాకు లోటుగానే కనిపిస్తోంది.

2025 మే 22న ఓర్లాండోలో తెరుచుకున్న యూనివర్సల్ వారి ఎపిక్ యూనివర్స్ పార్కులో నింటెండో వీడియో గేముల, హ్యారీ పాటర్, డ్రాగన్ల దీవి విభాగాల పక్కనే 1931లో తెరకెక్కిన డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టయిన్ సినిమాల నాటి భూతాలకూ ఒక పూర్తి విభాగం కేటాయించారు. ఆ నలుపు తెలుపు సినిమాలను నేటి సందర్శకుల్లో చాలామంది చూసి ఉండరు. ఆ విభాగం పదేళ్ల తర్వాత ఎలా నడుస్తుందన్నది, కథ తెలియకపోయినా లోకం బలంగా ఉంటే జనం వస్తారన్న ఈ వాదానికి ఇప్పటివరకు దొరికిన గట్టి పరీక్షల్లో ఒకటి.