మంగలి కత్తి మీది గుర్తు 1731ది అయితే కత్తి కూడా 1731దేనా?

మొన్న ఇంకొకాయన ఫొటో పంపాడు, "అన్నా ఇది 1731 నాటి కత్తి, ఒకసారి చూసి చెప్పవా" అని. ఈ నెల్లో ఇది నాలుగోది. జూమ్ చేస్తే టాంగ్ మీద, అంటే బ్లేడుకీ పిడికీ మధ్య పదును లేని భాగం మీద, హెంకెల్స్ అనే జర్మన్ కత్తుల కంపెనీ వాళ్ళ కవలల బొమ్మ, దాని కింద ఇంగ్లిష్‌లో జర్మనీ అని. అప్పటికే కొనేశాడట, అదీ 1731 నాటి పాత కత్తికి పెట్టేంత రేటు పెట్టి.

అపోహ: గుర్తు పేరు కొట్టి వెతికితే ఏ సంవత్సరం వస్తే కత్తి వయసు అదే.

వాస్తవం: కాదు. నూరుసార్లు చెప్పినా కాదు. జర్మనీలోని సోలింగెన్‌లో ఆ కవలల గుర్తు రిజిస్టరైంది 1731 జూన్ 13న, అది నిజమే, కానీ కంపెనీ ఈ రోజుకీ అదే గుర్తు కొడుతోంది కదా! ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జోసెఫ్ రోడ్జర్స్ అనే కత్తుల కంపెనీ వాళ్ళ నక్షత్రం, మాల్టీస్ క్రాస్ (ఎనిమిది మొనల శిలువ) గుర్తు కూడా అంతే, అది 1682 నాటిదంటారు, ఆ గుర్తుతో 20వ శతాబ్దంలో చేసిన కత్తులు బోలెడు. తాత పుట్టిన తేదీతో మనవడి వయసు లెక్కగడితే ఎట్లా?

ఆయన కత్తిలో అసలు ఆధారం ఆ "జర్మనీ" అనే మాటే. బయటి నుంచి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని బ్రిటన్ 1887లో, అమెరికా 1890లో చట్టాలు తెచ్చాయి, అందుకని ఆ మాట కనిపిస్తే దాదాపుగా ఆ తర్వాతిదే. పైగా బ్లేడు ఫుల్ హాలో, అంటే రెండు పక్కలా లోతుగా గుల్ల చేసింది, గోరు మీద ఆనిస్తే అంచు వంగేంత పలచన. 1731 నాటి కత్తి అయితే గుల్ల చెయ్యని లావుపాటి వెడ్జ్ (చీలలాంటి) బ్లేడు, వెనక పట్టుకునే తోక ఉంటే చిన్న మొలకలా ఉంటుంది, లేకపోతే అసలే ఉండదు. అయితే దేశం పేరు లేనంత మాత్రాన 1890కి ముందుదే అనుకోకండి, సొంత దేశంలో అమ్ముకునే సరుకుకి ఆ గొడవే లేదు.

"అయితే ఫేకా అన్నా?" అన్నాడు పాపం, గొంతు వణుకుతోంది. ఫేకేంటి, చక్కటి అసలు కత్తి, పదును పెడితే రేపు పొద్దున గడ్డం గీసుకోవచ్చు. వయసు ఒక్కటే తప్పు.

మిగతావి గబగబా చెప్పేస్తా. వీ.ఆర్ అని రాణి పేరు పొడి అక్షరాలు ఉంటే విక్టోరియా కాలం, అంటే 1837 నుంచి 1901 దాకా ఎప్పుడైనా కావచ్చు. జీ.ఆర్ అయితే ఏ జార్జ్ రాజో చూడాలి, 1830కి ముందు ఉన్నారు, 1910 తర్వాతా ఉన్నారు. సిల్వర్ స్టీల్ అని ఉంటే వెండి అనుకోవద్దు. క్యాస్ట్ స్టీల్ అంటే అచ్చులో పోసిన బ్లేడు కాదు, క్రూసిబుల్ అనే మట్టి పాత్రలో కరిగించిన ఉక్కు, బ్లేడు మాత్రం సుత్తితో సాగగొట్టిందే. తుప్పు ఎక్కువుంటే పాతదనేవాళ్ళకి ఒక దండం, తడి బాత్రూమ్‌లో ఒక్క వానాకాలం చాలు.

దంతం పిడి అని చెప్పుకునేవాళ్ళదో కథ. ఒకావిడ వాళ్ళ తాతగారిది తెచ్చింది, ఏనుగు దంతం, రెండొందల ఏళ్ళు అని. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూపించా, కర్పూరం! సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్ అది, అంటే ఆ పిడి 1870కి ముందుది అయ్యే అవకాశం లేదు. అట్లాగని బ్లేడు కూడా అప్పటిదే అనలేం, పిడి విరిగితే మార్పించుకోవడం మామూలే. ఆ కత్తికీ పిడిని పట్టి ఉంచే పిన్నులు తర్వాత వేసినవే, వాషర్లు ఒకటీ ఇంకొకటీ కలవలేదు. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవడైనా చెప్తే మాత్రం వినకండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

ఇంకోటి, కత్తి చేతికి రాగానే తోమెయ్యకండి. ముందు టాంగ్‌ని లైటుకి ఏటవాలుగా పట్టి ఫొటో తీసుకోండి, మసకగా ఉన్న అక్షరాలు నీడలో తేలతాయి. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒకాయన కత్తిని బఫింగ్ చక్రం మీద పెట్టి అద్దంలా చేసిచ్చా, ఆయన మురిసిపోయాడు కూడా. ఇంటికెళ్ళి ముందు తీసిన ఫొటో చూసుకుంటే షెఫీల్డ్ పైన ఇంకో వరస ఉంది, చేసినవాళ్ళ పేరు. కత్తి మీద ఇప్పుడది లేదు.